పుస్తకం మూసి చదవవలసిన పాఠం



గడచిన వేసవిలో ఒక సాయంకాలం మందిరం వరండాలో కూర్చుని ఉండగా ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చాడు. రెండెకరాలు కౌలుకు చేసుకుంటూ, మిగిలిన రోజుల్లో నిమ్మతోటల్లో కూలికి వెళ్లే మనిషి. అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం, బై.పి.సి. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కింది, ఒక్క కెమిస్ట్రీ తప్పింది.

"అయ్యగారూ, ఇంక మాన్పించేద్దామనుకుంటున్నాను. తలకెక్కని చదువుకు అప్పు చేయడమెందుకు? వాళ్ల అత్త కొడుకు ఉన్నాడు, అడుగుతున్నారు" అన్నాడు. ఆ అమ్మాయి గోడకు ఆనుకొని, పుస్తకాన్ని గుండెలకు అదుముకొని నిలబడి ఉంది.

పుస్తకం ఇమ్మని అడిగి తెరిచి చూశాను. ప్రతి పంక్తి కింద గీతలే. ఎర్రవి, నీలివి, కొన్నిచోట్ల రెండూ. గీత లేని మాట కనబడలేదు.

"ఎన్నిసార్లు చదివావమ్మా?"

"తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివానండీ. ఈ పాఠమైతే ఇరవైసార్లు చదివుంటాను."

పుస్తకం మూసి, "సోడియం ఏ కుటుంబంలోనిది? దాని పైన ఎవరు, కింద ఎవరు?" అని అడిగాను. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవైసార్లు చదివిన మాట నిజమే. జవాబు రాని మాటా నిజమే.

ఈ నెల ఈ పేజీలో కెమిస్ట్రీ ఏమిటని అనుకోవద్దు. మన పల్లెల్లో చాలామంది బిడ్డల చదువు ఆగిపోతున్నది ఇటువంటి ఒక్క సబ్జెక్టు దగ్గరే. పైగా నేను కూడా ఇంటర్మీడియట్‌లో ఇదే కెమిస్ట్రీ తప్పి, సప్లిమెంటరీలో బయటపడినవాడినే. అప్పట్లో ఒక రిటైరైన మాస్టారు నాకు చూపించిన దారిని, తరువాత నేను తెలుసుకున్న సంగతులను ఇక్కడ చెబుతున్నాను. నేను సైన్సు ఉపాధ్యాయుణ్ణి కాను. పాఠం మీ లెక్చరర్లు చెబుతారు. దానిని ఎలా చదవాలన్నదే నా మాట.

కెమిస్ట్రీలో మూడు భాగాలున్నాయి. భౌతిక రసాయనంలో లెక్కలుంటాయి. సూత్రం వస్తే లెక్క వస్తుంది. కర్బన రసాయనంలో కార్బన్ గొలుసులుంటాయి. మూడవది అకర్బన రసాయనం. ఇందులో సోడియం, కాల్షియం, ఇనుము, రాగి, గంధకం, క్లోరిన్, ఇలా మూలకాలు వరుసగా వచ్చి పడతాయి. ఇప్పటికి తెలిసిన మూలకాలు 118. ఒక్కొక్కదానికి రంగు, గుణం, ఖనిజం, తయారీ, చర్యలు, ఉపయోగాలు. బిడ్డ దీన్ని చూసి, ఇది బట్టీ పట్టే సబ్జెక్టు అనుకుంటాడు. కొందరు ఉపాధ్యాయులు కూడా అదే మాట అంటారు. అది సగమే నిజమని నా అభిప్రాయం. బట్టీ పట్టవలసినది కొంత ఉంది. అయితే అది ఎంతో, ఎక్కడుందో తెలియక మొత్తం పుస్తకాన్ని బట్టీ పడుతున్నాము.

ఈ మూలకాలను వరుసలో పెట్టినవాడి కథ ముందు వినండి. మెండలీవ్ 1834లో రష్యాదేశపు సైబీరియాలో, తొబోల్స్క్ అనే ఊరిలో పుట్టాడు. పెద్ద కుటుంబంలో అందరికంటే చిన్నవాడు. తండ్రి ప్రధానోపాధ్యాయుడు, చూపు పోయి ఉద్యోగం పోయింది, 1847లో చనిపోయాడు. తల్లి ఒక గాజు కర్మాగారాన్ని నడిపి బిడ్డలను సాకింది. 1848లో అదీ కాలిపోయింది. ఆ తల్లి చివరి కొడుకును వెంటబెట్టుకొని వందల మైళ్లు ప్రయాణం చేసి మాస్కో చేరింది. అక్కడ విశ్వవిద్యాలయంలో చేర్చుకోలేదు. అక్కడి నుండి సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లి, 1850లో, భర్త చదివిన సంస్థలోనే కొడుకును చేర్పించింది. ఆ సంవత్సరమే ఆమె కన్నుమూసింది. చాలాకాలం తరువాత, 1887లో, ఆయన ద్రావణాల మీద రాసిన గ్రంథాన్ని తల్లి జ్ఞాపకార్థం అంకితమిచ్చాడు. ఈ భాగాన్ని నేను ఆ తండ్రికి కూడా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, కాని లేచి వెళ్లబోయినవాడు కూర్చున్నాడు.

మెండలీవ్ ఉపాధ్యాయుడయ్యాక, తన విద్యార్థులకు ఇవ్వడానికి సరియైన పాఠ్యపుస్తకం లేదని తానే రాయడం మొదలుపెట్టాడు. అప్పటికి తెలిసిన మూలకాలు 63. వాటిని ఏ క్రమంలో చెప్పాలి? ఆ చిక్కుముడి విప్పబోతుండగా 1869లో ఆయనకు ఆవర్తన పట్టిక దొరికింది. అనగా, మీరు చూసి భయపడే ఆ పట్టిక పిల్లలకు పాఠం సులువుగా చెప్పడానికి పుట్టిందే. మూలకాల పేర్లు చిన్న కార్డుల మీద రాసి, పేకముక్కల్లా పేర్చి చూశాడని కూడా చెబుతారు. పేకముక్కలు అనగానే పెద్దలు కోప్పడవద్దు. ఆ కార్డుల సంగతి మళ్లీ వస్తుంది.

ఆయన కొన్ని గడులు ఖాళీగా వదిలి, ఇక్కడికి రావలసిన మూలకం ఇంకా దొరకలేదని, దాని గుణాలు ఇలా ఉంటాయని ముందే రాశాడు. 1875లో గాలియం దొరికింది. కనుగొన్న శాస్త్రవేత్త దాని సాంద్రత 4.7 అన్నాడు. మెండలీవ్ రష్యాలోనే కూర్చుని, అది 5.9 దగ్గర ఉండాలి, నీ నమూనా శుద్ధిగా లేదన్నాడు. శుద్ధిచేసి తూచితే 5.9 వచ్చింది. చేతితో ముట్టని లోహం గురించి ఆయన ఎలా చెప్పగలిగాడు? పైనున్నవాడు, కిందనున్నవాడు, ఎడమవాడు, కుడివాడు తెలుసు గనుక. పరీక్షహాలులో మీకు ఒక మూలకం గుణం మరచిపోతే చేయవలసినది కూడా ఇదే.

మన ఊళ్లో ఒక మనిషి ఇంటిపేరు తెలిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. పట్టికలో నిలువు వరుస అలాంటి ఇంటిపేరు. లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీజియం ఒక ఇంటివారు. అందరికీ చివరి కక్ష్యలో ఒక్కటే ఎలక్ట్రాన్. దానిని వదిలించుకోవడమే వారి తొందర. కిందికి పోయేకొద్దీ పరమాణువు పెద్దదవుతుంది, చివరి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమవుతుంది. సంతలో తల్లి చేయి పట్టుకొని నడిచే బిడ్డ తప్పిపోడు. నాలుగు బారల వెనుక నడిచే బిడ్డ తప్పిపోతాడు. కనుక నీళ్లలో వేస్తే లిథియం నెమ్మదిగా చర్య జరుపుతుంది, సోడియం జోరుగా ఉరుకుతుంది, పొటాషియం మంట అంటుకుంటుంది. మూడు వాక్యాలు బట్టీ పట్టనక్కరలేదు, ఒక్క కారణం చాలు. హాలోజన్లలో ఇది తిరగబడుతుంది. వాటికి ఎలక్ట్రాన్ కావాలి గనుక చిన్నదైన ఫ్లోరిన్‌దే అందరికంటే ఎక్కువ జోరు.

ఇక మినహాయింపులు. పిల్లలు ఎక్కువగా తప్పేది వీటి దగ్గరే. ప్రశ్నలు వచ్చేదీ వీటి మీదే. లిథియం తన ఇంటివారిలా ఉండదు. పక్క ఇంట్లో ఒక మెట్టు కిందనున్న మెగ్నీషియంలా ఉంటుంది. పుస్తకంలో దీనిని వికర్ణ సంబంధం అన్నారు. మన భాషలో మేనమామ పోలిక. ఈ మాట చెప్పినప్పుడు ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది. బెరీలియానికి అల్యూమినియం, బోరాన్‌కు సిలికాన్ ఇలాగే.

ఎందుకు? లిథియం అయాను మరీ చిన్నది, మెగ్నీషియం అయాను పరిమాణానికి దగ్గర. ఈ ఒక్క మాట పట్టుకుంటే ఎన్ని జవాబులు వస్తాయో చూడండి. లిథియం కార్బొనేటును వేడిచేస్తే మెగ్నీషియం కార్బొనేటులాగే విడిపోతుంది. సోడియం కార్బొనేటు అంత సులువుగా విడిపోదు. లిథియం గాలిలో మండేటప్పుడు నైట్రోజన్‌తో కలిసి నైట్రైడు ఇస్తుంది, మెగ్నీషియమూ ఇస్తుంది, సోడియం ఇవ్వదు. లిథియం నైట్రేటును వేడిచేస్తే ఆక్సైడు మిగులుతుంది. సోడియం నైట్రేటయితే నైట్రైటు మిగులుతుంది. ఆ అమ్మాయి పుస్తకంలో ఈ మూడూ మూడు వేరు పేజీల్లో, వేరు రంగుల గీతలతో ఉన్నాయి. మూడింటికీ తల్లివేరు ఒకటేనని ఆమెకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా చెవికెక్కలేదో.

ఇప్పుడు ఆ తండ్రి సంగతి చెప్పాలి. మాటల్లో లోహాల చర్యాశీలత శ్రేణి వచ్చింది. ఆ అమ్మాయికి ఇది పదవ తరగతి నుండీ కొరకరాని కొయ్య. నేను ఆయన వైపు తిరిగి, "ఏమయ్యా, నిమ్మతోటలో బోర్డో మిశ్రమం కలుపుతారు గదా, ఎలా కలుపుతారు?" అని అడిగాను.

"కేజీ మైలుతుత్తం, కేజీ సున్నం, వంద లీటర్ల నీళ్లు అయ్యగారూ. ఇనప డ్రమ్ములో కలపకూడదు, ప్లాస్టిక్ డ్రమ్ములోనే."

"కలిపాక సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"కత్తి ముంచి చూస్తాం. కత్తి మీద ఎర్రగా పట్టిందంటే ఇంకా సున్నం పడాలన్నమాట."

అమ్మాయి ఒక్కసారి తల ఎత్తింది. ఆ ఎర్రనిది రాగి. మైలుతుత్తం అనగా కాపర్ సల్ఫేటు. చర్యాశీలతలో ఇనుము రాగికంటే పైన ఉంది గనుక, ద్రావణంలోని రాగిని బయటికి నెట్టి తాను లోపలికి పోతుంది. ఇనప డ్రమ్ము వాడకూడదన్నదీ అందుకే. స్థానభ్రంశ చర్య అని పరీక్షలో రాయలేకపోయిన సంగతిని వాళ్ల నాన్న ఇరవై ఏళ్లుగా చేస్తున్నాడు. "ఇదేనా అది?" అన్నాడాయన. ఇదే అది.

ఆ శ్రేణి వచ్చిందంటే లోహసంగ్రహణ పాఠంలో పెద్ద భాగం దానంతట అదే వస్తుంది. పైనున్న సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం తమ ఖనిజాలను గట్టిగా పట్టుకొని ఉంటాయి; వాటిని విడదీయడానికి విద్యుత్తు కావాలి. మధ్యనున్న జింకు, ఇనుము వంటివాటికి బొగ్గు చాలు. కిందనున్న పాదరసపు ఖనిజాన్ని గాలిలో వేడిచేస్తేనే లోహం వస్తుంది. బంగారమైతే లోహంగానే నేలలో దొరుకుతుంది. ఇనప బక్కెట్టుకు జింకు పూత ఎందుకు వేస్తారో కూడా ఇందులోనే ఉంది. జింకు ఇనుముకంటే పైన ఉంది గనుక ముందు తాను అరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది.

బిడ్డలారా, ఎరువుల దుకాణం మీకు ప్రయోగశాలకంటే తక్కువేమీ కాదు. మైలుతుత్తం నీలం. అన్నభేది, అనగా ఫెర్రస్ సల్ఫేటు, లేత ఆకుపచ్చ. జింకు సల్ఫేటు తెలుపు. ఇనుము, రాగి, జింకు పట్టికలో ఒకే అడ్డువరుసలో ఉన్నవే గదా, రంగులెందుకు మారాయి? వీటి లోపల డి-ఆర్బిటాళ్లలో పది ఎలక్ట్రాన్లకు చోటుంది. ఇనుము, రాగి అయాన్లలో ఆ చోటు పూర్తిగా నిండలేదు, జింకులో నిండిపోయింది. నిండని చోట ఎలక్ట్రాన్ కాంతిని పీల్చుకొని కదలగలదు, రంగు కనబడుతుంది. నిండిన చోట కదలడానికి వీలులేదు, తెలుపు. పరివర్తన మూలకాల పాఠంలో ఇది తప్పకుండా ఉంటుంది. అన్నభేది పొట్లం తెరిచి పెడితే కొన్నాళ్లకు గోధుమరంగుకు తిరుగుతుంది. ఇనుము రెండు నుండి మూడు ఆక్సీకరణ స్థితికి పోయింది. పిచికారీ చేసేటప్పుడు అందులో కాస్త నిమ్మ ఉప్పు కలపమని వ్యవసాయాధికారులు చెప్పేది ఇనుము తుప్పుగా మారి అడుగుకు దిగిపోకుండా ఉండడానికే.

మరొకటి. రెండవ గ్రూపులో సల్ఫేట్లు కిందికి పోయేకొద్దీ నీళ్లలో కరగడం తగ్గుతుంది. మెగ్నీషియం సల్ఫేటు, అదే ఎప్సమ్ ఉప్పు, హాయిగా కరుగుతుంది. వేరుశనగకు ఊడలు దిగే సమయంలో వేసే జిప్సం కాల్షియం సల్ఫేటు. లీటరు నీటిలో రెండు గ్రాములకు కొంచెం పైగా మాత్రమే కరుగుతుంది. మన రాయలసీమలో మంగంపేట గనుల్లో తవ్వే ముగ్గురాయి బేరియం సల్ఫేటు. అది కరగనే కరగదనవచ్చు. బేరియం విషమైనా, కడుపు ఎక్స్‌రే తీయడానికి బేరియం సల్ఫేటు తాగించగలుగుతున్నారంటే అది కరగదు గనుకనే. హైడ్రాక్సైడ్లలో వరుస తిరగబడుతుంది, కిందికి పోయేకొద్దీ ఎక్కువ కరుగుతాయి. ఎప్సమ్ ఉప్పు, జిప్సం, ముగ్గురాయి, ఈ మూడు మాటలు గుర్తుంటే పట్టిక గుర్తున్నట్లే.

ఒక హెచ్చరిక. చూడండి, అడగండి, కాని ఇంట్లో వాటిని కలపవద్దు. మైలుతుత్తం విషం. బ్లీచింగ్ పౌడరులో ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. పొయ్యిలో ఉప్పు రవ్వ పడినప్పుడు మంట పసుపుపచ్చగా మారడం చూసి, సోడియం రంగు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంతవరకు అర్థం చేసుకొనే భాగం. ఇక నిజంగా జ్ఞాపకం ఉంచుకోవలసిన భాగం ఉంది. సంకేతాలు, ఖనిజాల పేర్లు, రంగులు, సమీకరణాలు. సోడియంకు ఎన్ఏ అని, పొటాషియంకు కె అని ఎందుకని పిల్లలు తికమకపడతారు. నాట్రియం, కాలియం అనే పాత పేర్లవి. ఇనుముకు ఫెర్రమ్, సీసానికి ప్లంబమ్, వెండికి అర్జెంటమ్, బంగారానికి ఆరమ్. ఇటువంటివి పదికి అటూ ఇటూ ఉంటాయి, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతాయి.

మిగతావాటికి నేను ఆ అమ్మాయికి చెప్పింది ఇదే. "ఈ నెలరోజులు నువ్వు పుస్తకాన్ని తెరిచి చదివేదానికంటే మూసి చదివేది ఎక్కువ ఉండాలి." ఒక పేజీ ఒకసారి శ్రద్ధగా చదవాలి. పుస్తకం మూయాలి. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయాలి. రానిచోట గీత గీసి వదిలేయాలి. తరువాత పుస్తకం తెరిచి, తప్పినవాటిని వేరే రంగుతో దిద్దుకోవాలి. చేస్తున్నప్పుడు ఇది కష్టంగా, అవమానంగా కూడా ఉంటుంది. మళ్లీ మళ్లీ చదవడం సుఖంగా ఉంటుంది, అంతా వచ్చేసినట్లు అనిపిస్తుంది. ఆ అనిపించడమే మోసం.

ఇది నా సొంత మాట కాదు. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివారు. మరికొందరు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే చదివినవారే ముందున్నారు. వారం తరువాత పెడితే, చదివినవారికి నూటికి 40 పాళ్లు, రాసినవారికి 61 పాళ్లు గుర్తున్నాయి. మన పిల్లల పరీక్ష అయిదు నిమిషాల తరువాత ఉండదు గదా.

రెండవది, వ్యవధి. ఈ రోజు రాసినదాన్ని రేపు, మూడవ రోజు, వారానికి, మళ్లీ పరీక్ష ముందు చూడకుండా రాయాలి. ఒకే రాత్రి అయిదుసార్లు రాసేకంటే అయిదు రోజుల్లో అయిదుసార్లు రాయడం మేలు. మడికి వారం నీళ్లు ఒక్కరోజే పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

మూడవది ఆ కార్డులు. కొత్తవి కొనవద్దు. ప్రతి ఇంట్లో పాత పెళ్లి శుభలేఖలుంటాయి. వాటిని ముక్కలుగా కత్తిరించి, ఒకవైపు "మైలుతుత్తాన్ని వేడిచేస్తే ఏ రంగు? ఎందుకు?" అని రాసి, రెండవవైపు "తెలుపు, అందులోని నీరు పోయింది" అని రాయాలి. వచ్చినవి ఒక డబ్బాలో, రానివి మరో డబ్బాలో. రానివి రోజూ, వచ్చినవి వారానికోసారి. బస్సుకోసం ఎదురుచూసేటప్పుడు పది కార్డులు అయిపోతాయి.

తల్లిదండ్రులారా, మాకు చదువు రాదు, మేమేం చేయగలమని మీరంటారు. కార్డు పట్టుకొని ఎదురుగా కూర్చోవడానికి చదువు అక్కరలేదు. బిడ్డ ఒక సంగతి చెప్పగానే "ఎందుకని?" అని అడగండి. జవాబు చెప్పాక మరోసారి "అదెందుకు?" అనండి. రెండవ "ఎందుకు" దగ్గర తడబడితే ఆ పాఠం ఇంకా రాలేదని బిడ్డకే తెలిసిపోతుంది. పోలికలు పెట్టి తిట్టవద్దు. తెల్లవారుజామున నాలుగింటికి లేపడం గొప్పకాదు; రాత్రి సరిగా నిద్రపోని బిడ్డకు పగలు చదివినది నిలవదు.

పుస్తకాల గురించి ఒక మాట. అన్నయ్య చదివిన పాత గైడు చెల్లెలికి ఇచ్చేముందు ఈ సంవత్సరపు సిలబస్ చూడండి. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు పాఠాలు తగ్గించినప్పుడు 11వ తరగతి కెమిస్ట్రీలో హైడ్రోజన్, ఎస్-బ్లాక్ మూలకాల అధ్యాయాలను తీసివేశారు. బోర్డు బోర్డుకూ, ప్రవేశపరీక్షకూ తేడాలుంటాయి. లేని పాఠం మీద నెల పోగొట్టుకున్న పిల్లలను చూశాను. ముందు లెక్చరరును అడిగి పాఠాల పట్టీ రాసుకోవాలి.

ఆ తండ్రి "ఒక్క నెల చూద్దాం అయ్యగారూ" అని వెళ్లాడు. ఆ నెలలో నాలుగుసార్లు అమ్మాయి కాగితాలు తెచ్చి చూపించింది. మొదటివారం కాగితంలో దిద్దుబాట్లే ఎక్కువ. రెండవవారం తక్కువేమీ కాలేదు, నాకే భయం వేసింది. మూడవవారానికి రాత కుదురుకుంది. సప్లిమెంటరీలో పాసయింది. మార్కులు గొప్పవేమీ కావు. అత్తగారింటి సంబంధం మాట రెండేళ్లు ఆపమని ఆ తండ్రే కబురు పంపాడట.

మొన్న ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి, పాత శుభలేఖలు ఏమైనా ఉన్నాయా అండీ అని మా ఇంటావిడను అడిగింది. రెండవ సంవత్సరానికి వాళ్లింట్లోవి చాలలేదట.